ఒళ్లు కాగనిదే బంతి ముట్టొద్దు

గంగాదేవి పొట్టి మనిషి. మగ్గం ఇంట్లో పుట్టినందుకేమో, భుజాలు మాత్రం వెడల్పు. మెట్లెక్కేటప్పుడు కుడికాలు ఒక రవ్వ వెనకబడేది. చూసినవాళ్లు అది పుట్టుకతో వచ్చిన అవిటితనమనుకొని జాలిపడేవారు. ఆమెకు జాలి అంటే ఒళ్లుమంట. "ఇది పుట్టుకతో వచ్చింది కాదు, నా పొగరుతో వచ్చింది" అని అక్కడికక్కడే చెప్పేసేది.

ఆమెది ఎమ్మిగనూరు. తండ్రి రామలింగప్ప గుంతమగ్గం మీద చీరలు నేసేవాడు. స్కూలు ఫైనలు పూర్తయ్యాక కూతుర్ని డ్రిల్లు టీచరు శిక్షణకు మద్రాసు పంపిస్తుంటే వీధి వీధంతా నవ్వింది. "కూతురికి ఎగిరేది దూకేది నేర్పిస్తాండావా రామలింగప్పా?" అని అడిగారు. అతను మగ్గం మీదినుంచి తల ఎత్తకుండా "మీ కూతుర్లకు నేర్పేదానికే" అన్నాడు.

మద్రాసులో గంగాదేవిని మించి ఎగిరి బంతి కొట్టేవాళ్లు లేరు. ఆ గర్వంతోనే, వాన వెలిసిన ఒక చల్లటి పొద్దున పోటీకి ముందు తోటివాళ్లంతా మైదానం చుట్టూ పరుగెత్తుతూ ఉంటే, తాను నెట్టు గుంజకు ఆనుకొని నిలబడింది. ఈ తతంగమంతా చేతకానివాళ్లకు అనుకుంది. ఆటలో మొదటిసారి ఎగరగానే తొడ వెనక కండ చిట్లింది. శిక్షణ ముగిసేనాటికి నడక వచ్చింది కానీ ఆ ఎగురు మళ్లీ రాలేదు. ఆమె ఏడ్చింది తక్కువ, ఆలోచించింది ఎక్కువ. ఇకమీదట తన చేతికింద ఆడే ఏ పిల్లా ఒళ్లు కాగకుండా బంతి ముట్టకూడదని అప్పుడే తీర్మానించుకుంది.

కర్నూల్లో ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉంది. ఎక్కడ ఖాళీ జాగా ఉంటే అక్కడ డేరాలు వేసి ఆఫీసులు పెట్టారు. బడి మైదానం గోడకు అవతల కూడా అలాంటి డేరాలే. బయటి ఊళ్లనుంచి వచ్చిన గుమాస్తాలు, బంట్రోతులు పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతుండేవారు. గోడ నడుమెత్తు మాత్రమే.

అంతకుముందు ఆ బడిలో డ్రిల్లు అంటే వరసగా నిలబడి చేతులు ముందుకూ పక్కకూ చాపడం. గంగాదేవి వచ్చాక నెట్టు కట్టింది. ఓణీలు నడుముకు బిగించుకొని ఆడపిల్లలు వాలీబాల్ ఆడుతుంటే ఊరు కొద్దిరోజులు వింతగా చూసి ఊరుకుంది. అసలు గొడవ ఆటతో కాదు, ఆటకు ముందు ఆమె చేయించే పనితో వచ్చింది.

ముందు మైదానం చుట్టూ మెల్లగా పరుగు. తర్వాత భుజాలు గుండ్రంగా తిప్పడం, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపడం, మోకాళ్లు వంచి కూర్చుని లేవడం, ఉన్నచోటే చిన్నచిన్న గెంతులు. అప్పుడు గానీ బంతి ఇచ్చేది కాదు. ఇచ్చినా మొదట ఇద్దరిద్దరు ఎదురుబొదురు నిలబడి మెత్తగా విసురుకోవాలి, ఎగిరి కొట్టడం చిట్టచివర. ఆట అయ్యాక నేలమీద కూర్చోబెట్టి, కాళ్లు చాపి పిక్కలూ తొడలూ నిదానంగా సాగదీయించేది. "చల్లగా ఉండే కండ ఎండిన తోలు మాదిరి. ఒక్కసారిగా లాగితే చిట్లుతాది" అని చెప్పేది.

గోడమీద మోచేతులు ఆనించి చూసేవాళ్లు రోజురోజుకూ ఎక్కువయ్యారు. ఆట మొదలయ్యాక వెళ్లిపోయేవాళ్లు, వంగడాలు లేవడాలు జరుగుతున్నంతసేపూ కదిలేవాళ్లు కాదు. ఈ సంగతి ఓబుళరెడ్డి దాకా పోయింది.

ఓబుళరెడ్డి బడి కమిటీకి పెద్ద. ఆ బడికి స్థలం ఇచ్చినవాడు, ఆడపిల్లల్ని చదివించమని ఊరూరా తిరిగినవాడు. ఒక పొద్దున మైదానంలోకే వచ్చి గంగాదేవిని పక్కకు పిలిచాడు.

"ఆట ఆడించుకోమ్మా, నేను వద్దనను. ఆ వంగేది లేసేది మాత్రం మానిపీ."

"అది లేకుండా ఆడితే కండలు చిట్లుతాయి రెడ్డిగారూ."

"మగపిల్లోళ్లు ఆడ్తాండారు కదా, ఎవురికి చిట్లినాయి?"

"శానామందికి చిట్లినాయి. నొప్పిని ఆముదంతో రుద్దుకొని మూలన కూచున్నారు. వాళ్ల సంగతి మీ దాకా రాదు."

ఓబుళరెడ్డి కోపగించుకోలేదు. "ఈ బడికి పిల్లల్ని తెచ్చేదానికి నేను ఎన్ని గడపలు ఎక్కినానో నీకు తెల్దు. ఒక్క తండ్రి వచ్చి, నా కూతుర్ని బజారులో వంచి నిలబెడ్తాండారంట కదా అని అడిగితే, సగం బడి ఖాళీ అయితాది" అన్నాడు.

అతని భయం నిజమైనదే. గంగాదేవికి అది అర్థమైంది. "అట్లయితే గోడ ఎత్తు పెంచండి" అంది.

"ఎవురో చూస్తాండారని ఊరంతా గోడలు కట్టాల్నా?"

"ఎవురో చూస్తాండారని పిల్లల కాళ్లు ఇరగ్గొట్టుకోవాల్నా?"

అతను వెనుదిరిగి వెళ్లిపోయాడు. గంగాదేవి ఈల ఊది పిల్లల్ని మళ్లీ పరుగెత్తించింది. తర్వాత తానే గోడ దగ్గరికి నడిచింది. అక్కడున్న వాళ్లను చూసి, "ఏమప్పా, రోజూ నిలబడి చూస్తాండారు, మీకూ నేర్చుకోవాలని ఉన్నట్టుండాది. లోపలికి రాండి, మీతో కూడా చేయిస్తా" అంది. ఆ మాట మెత్తగానే అంది కానీ ముఖంలో నవ్వు లేదు. ఒకడు దగ్గాడు, ఒకడు చెప్పులు సర్దుకున్నాడు. కాసేపటికి గోడ ఖాళీ అయింది. మరునాడు మళ్లీ కొందరు చేరారు కానీ, ఆమె అటు రెండడుగులు వేస్తే చాలు, చెదిరిపోయేవారు.

ఆ చలికాలంలో రామలింగప్పకు జబ్బు చేసిందని కబురొస్తే గంగాదేవి ఎమ్మిగనూరు వెళ్లింది. ఆమె లేని ఆ కొద్ది రోజుల్లోనే ఎవరో పెద్ద అధికారి బడి చూడటానికి వచ్చాడు. ఓబుళరెడ్డి ఆయనకు వాలీబాల్ ఆట చూపించాలనుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానసుందరమ్మ నెమ్మదస్తురాలు. ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి. పిల్లల్ని తెల్లారగానే తెచ్చి, చలిలో వణుకుతుండగా వరసగా నిలబెట్టింది. అధికారి ఆలస్యంగా వచ్చాడు. రాగానే ఆట మొదలుపెట్టమన్నారు.

జట్టులో అందరికంటే ఎత్తుగా ఎగిరేది ఉరుకుందమ్మ. కోసిగి వైపు పిల్ల, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "టీచరమ్మ ముందు ఉరకమంటాది కదా" అని ఆమె మెల్లగా అంది. అధికారి ముందు ఆ వంగడాలు లేవడాలు ఏం బాగుంటాయి, ఈరోజుకు వద్దులే అన్నారు పెద్దలు. ఆట మొదలైన కాసేపటికే నెట్టు దగ్గర ఎగరబోయి, ఉరుకుందమ్మ చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఎవరో తన పిక్కమీద రాయి విసిరారనుకుంది. వెనక ఎవరూ లేరు. కాలు నేలకు ఆనించబోయి అక్కడే కూలబడింది.

గంగాదేవి మరునాడు బస్సు దిగి నేరుగా హాస్టలుకు పోయేసరికి, వంటమనిషి ఆ పిల్ల పిక్కను ఆముదం పోసి బలంగా రుద్దుతోంది. పిల్ల నోట్లో గుడ్డ కుక్కుకొని ఏడుస్తోంది.

"చెయ్యి తియ్యమ్మా" అంది గంగాదేవి. "లోపల చిట్లిన కండను పైనుంచి రుద్దితే ఇంకా వాచిపోతాది."

కడవలో చల్లటి నీళ్లు తెప్పించి గుడ్డ తడిపి పిక్కమీద వేసింది. పాత చీర చించి కట్టు కట్టింది. బొంత మడిచి కాలికింద ఎత్తు పెట్టింది.  అంతా అయ్యాక పైట సర్దుకొని కమిటీ గదికి పోయింది.

ఓబుళరెడ్డి, జ్ఞానసుందరమ్మ అక్కడే ఉన్నారు. నెట్టు విప్పి మూల పడేసి ఉంది.

"ఇంక ఈ ఆట ఈ బడిలో లేదమ్మా" అన్నాడు ఓబుళరెడ్డి. "ఆడపిల్లల ఒళ్లు దీనికి తట్టుకోదని ఇప్పుడు అందరికీ తెలిసిపాయె."

"ఆ పిల్ల కాలు ఆట వల్ల చిట్లలేదు రెడ్డిగారూ, మీ సిగ్గు వల్ల చిట్లింది" అంది గంగాదేవి.

 జ్ఞానసుందరమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఆపబోయింది. గంగాదేవి ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"చలిలో నిలబెట్టి, కాళ్లు కదిలించకుండా ఎగరమన్నారు. అట్లా చేస్తే ఆడపిల్లకేం, పైల్వానుకైనా చిట్లుతాది. నా తొడ చూపిస్తే మీరు చూడలేరు, చెప్తే వినండి. నాకు అట్లనే పాయింది."

"ఉద్యోగం ఉంచుకోవాలని లేదా నీకు?"

"ఉద్యోగం మీరిచ్చింది, మీరు తీసుకోవచ్చు. పిల్లల కాళ్లు మీరిచ్చినవి కావు."

ఆ రోజు ఓబుళరెడ్డి ఆమెను తీసెయ్యలేదు. ఆమె మాట తగిలిందో, కొత్త టీచరు దొరకదనుకున్నాడో ఎవరికీ తెలియదు. నెట్టును, బంతిని మాత్రం గదిలో పెట్టి తాళం వేయించాడు.

కబురు అందగానే ఉరుకుందమ్మ తండ్రి పెద్ద ఈరన్న వచ్చాడు. ఎద్దులతో బతికే రైతు, తలపాగా తియ్యకుండా హాస్టలు మెట్లమీద కూర్చున్నాడు. కూతుర్ని ఇంటికి తీసుకుపోతానన్నాడు.

"తీసుకపోయి ఏం చేస్తావన్నా?" అంది గంగాదేవి పక్కమెట్టుమీద కూర్చుంటూ.

"కుంటిదాన్ని ఇంకేం చేస్తాను. ఇంట్లో పెట్టుకుంటా."

"కుంటిది కాదు. దెబ్బ తగిలింది, మానుతాది. నీ ఎద్దుకు కాలు నొస్తే కటికోనికి అమ్ముతావా, కట్టేసి మేపుతావా?"

ఈరన్న ఆమెను తేరిపార చూశాడు. "మేపుతా. మానినాక కూడా ముందు ఖాళీ బండికి కడ్తా."

"నేనూ అంతే చేస్తా. నాకు కొన్నాళ్లు వదిలిపెట్టు."

"మళ్లీ ఆడిస్తావా దాన్ని?"

"దానికి ఆడాలని ఉంటే ఆడిస్తా. ఆడించనని అబద్ధం చెప్పి నిన్ను పంపించను."

ఈరన్న మెట్లమీంచి లేచాడు. లోపలికి పోయి కూతురితో మాట్లాడి వచ్చాడు. "ఆడతానంటాది మొండిది" అని, ఎవరి మొండితనం గురించి అన్నాడో తెలియకుండా చెప్పి, బస్సు ఎక్కి వెళ్లిపోయాడు.

నెట్టు పోయింది కనక గంగాదేవి మళ్లీ ఎమ్మిగనూరు పోయింది. అప్పుడప్పుడే కోలుకుంటున్న రామలింగప్ప మంచంమీద కూర్చుని, గట్టి పురి వేసిన నూలుతో నెట్టు అల్లాడు. ఒకప్పుడు నవ్విన వీధివాళ్లు కూడా వచ్చి ముళ్లు వేశారు. తెల్లగా, బరువుగా, బజారులో దొరికేదానికంటే గట్టిగా వచ్చింది. బంతి ఒకటి జ్ఞానసుందరమ్మ తెచ్చి ఇచ్చింది. ఎక్కడిదని గంగాదేవి అడగలేదు. "నా పేరు చెప్పొద్దు" అని మాత్రం అందామె.

బడి మైదానం కమిటీది. తుంగభద్ర ఇసుక ఎవరిదీ కాదు. ఆదివారాలు పొద్దున్నే గంగాదేవి పిల్లల్ని ఏట్లోకి తీసుకుపోయి ఇసుకలో గుంజలు పాతేది. నడుమెత్తు గోడ కూడా లేని చోటు అది. చాకలివాళ్లు బట్టలు ఆరేసుకుంటూ, బండ్లవాళ్లు ఏరు దాటుతూ అందరూ చూసేవారు. అక్కడే పరుగు, అక్కడే వంగడం, అక్కడే కాళ్లు చాపి సాగదీయడం. ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ఆపేశారు. గంగాదేవి వాళ్ల ఇళ్లకు పోయి, గడపలో నిలబడి, తన కాలి సంగతి చెప్పి వచ్చేది. కొందరు మళ్లీ పంపారు, కొందరు పంపలేదు.

ఉరుకుందమ్మ కూడా ఏటికి వచ్చేది కానీ గట్టుమీద కూర్చోవాల్సిందే. నడక బాగుపడగానే ఆడతానంది. "దెబ్బ తగిలిన కాలొక్కదాని మీదే నిలబడి మడమ ఎత్తు" అంది గంగాదేవి. పిల్ల ఎత్తబోయి మూతి ముడుచుకుంది. "నొప్పి లేకుండా ఎత్తగలిగిన నాడు ఉరుకుదువు. నొప్పి లేకుండా ఉరికిన నాడు ఎగురుదువు. నాతో కొట్లాడి లాభం లేదు, నీ పిక్కతో మాట్లాడు." ఆ పిల్ల రోజుల తరబడి టీచరుతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోయినా చెప్పిందంతా చేసింది. ఎండలు ముదిరేనాటికి ఇసుకలో పరుగెత్తింది. మరుసటి చలికాలానికి ఎగిరి కొట్టింది.

ఆ సంక్రాంతి పోయాక కడపలో ఒక యువజన సంఘం ఆడపిల్లలకు వాలీబాల్ పోటీలు పెట్టింది. ఏ జట్టయినా రావచ్చన్నారు. బడి పేరు వాడొద్దని ఓబుళరెడ్డి కబురు పంపాడు. గంగాదేవి 'తుంగభద్ర జట్టు' అని పేరు రాయించింది.

చీకటితోనే బయలుదేరిన బస్సు నంద్యాల, ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి దగ్గర ఆగిపోయింది. బాగయ్యేదాకా పిల్లలు సీట్లలో ముడుచుకొని కునుకుతూ కూర్చున్నారు. కడప చేరేసరికి పొద్దు వాలుతోంది. మైదానం నిండా జనం. ముఖ్య అతిథి కుర్చీలో చేతిగడియారం చూసుకుంటున్నాడు. అవతల కమలాపురం జట్టు ఎప్పుడో వచ్చి చెట్టునీడన కూర్చుని ఉంది.

పోటీలు నడిపే సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఏమ్మా, ఇంత ఆలస్యమా? కోర్టులోకి దిగమను, వెంటనే మొదలుపెట్టాల."

"కాళ్లు కదిలించుకొని దిగుతారు. కొంచెంసేపు ఓపిక పట్టండి" అంది గంగాదేవి.

"అంత టైము లేదమ్మా. దొరగారు పోవాల."

"పిల్లలు పొద్దుట్నుంచి బస్సులో ముడుచుకొని కూచుండారు. కాళ్లు కొయ్యబారినాయి. ఇట్లనే ఎగరమంటే ఎవురికో ఒకరికి పట్టేస్తాది."

"దిగకపోతే వాళ్లు గెలిచినట్టు రాసుకుంటాం."

"రాసుకోండి" అంది గంగాదేవి. "నేను మాత్రం ఒళ్లు కాగనిదే దింపను."

ఈల ఊదింది. పిల్లలు ఆమె ముఖం చూశారు. పరుగు మొదలుపెట్టింది ఉరుకుందమ్మ. ఆమె వెనక మిగతావాళ్లు. వందలమంది మగవాళ్లు చూస్తుండగా, ఓడిపోయినట్టు రాసేసుకున్నా సరేనని, ఆ పిల్లలు మైదానం చుట్టూ పరుగెత్తారు, భుజాలు తిప్పారు, వంగారు, లేచారు. ఎక్కడో ఈలలు వినపడ్డాయి. ఎవరూ తల తిప్పలేదు.

సెక్రటరీ కమలాపురం జట్టు దగ్గరికి పోయి, మీరు గెలిచినట్టే అన్నాడు. ఆ జట్టు నాయకురాలు సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది. "ఆడకుండా గెల్చేది మాకొద్దు సార్. వాళ్లు తయారయ్యేదాకా ఉంటాం" అంది. అంతసేపు కూర్చున్నందుకు తన కాళ్లు కూడా బిగిసినట్టు అనిపించిందేమో, తన పిల్లల్ని కూడా లేపి కాసేపు ఉరికించింది. ముఖ్య అతిథి ఎటూ పోలేదు. టీ తెప్పించుకొని కూర్చున్నాడు.

ఆట హోరాహోరీగా సాగింది. చెరొక గేము గెలిచి మూడో గేముకు వచ్చారు. ఉరుకుందమ్మ కొట్టిన బంతులు అవతలివాళ్లకు అందడం లేదు. గెలుపు దగ్గరపడిన సమయంలో, కిందికి దిగుతూ ఆమె ఒక్క క్షణం పిక్కమీద చెయ్యి వేసి తీసింది. ఎవరూ చూడలేదనుకుంది. గంగాదేవి చూసింది. వెంటనే ఆమెను బయటికి పిలిచి ఇంకో పిల్లను దింపింది.

"నొప్పి లేదు టీచరమ్మా, ఊరికే పెట్టినా" అంది ఉరుకుందమ్మ.

"కూచో."

"ఇంగ కొంచెమే ఉండాది. గెలుస్తాం."

"గెలవకపోయినా పర్వాలేదు. కూచో."

గెలవలేదు. కమలాపురం జట్టు ఆ గేమును లాక్కుపోయింది. ఉరుకుందమ్మ తిరుగుదారిలో బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. గంగాదేవి సముదాయించలేదు. ఆ పిల్ల కాలు తీసి తన ఒళ్లో పెట్టుకొని, తడిగుడ్డ కట్టి, కర్నూలు దాకా అలాగే పట్టుకొని కూర్చుంది. నొప్పి రెండు రోజుల్లో తగ్గింది. మళ్లీ చిట్లి ఉంటే ఏమయ్యేదో ఆ పిల్లకు అప్పుడు తెలియదు. తెలిశాక కూడా, గెలిచేవాళ్లమే అని వాదించడం మాత్రం మానలేదు.

కడప సంగతి ఓబుళరెడ్డికి అందింది. ఈసారి ఉపేక్షించలేదు. నలుగురు కమిటీవాళ్ల ముందు గంగాదేవిని నిలబెట్టి, తప్పయిందని ఒక్క మాట చెప్తే సరిపోతుందన్నాడు. అది కూడా మర్యాదగానే అన్నాడు.

"పిల్లల్ని ఏట్లో ఆడించింది తప్పు కాదు. కడపలో వంచింది తప్పు కాదు. చలిలో నిలబెట్టి ఎగరమన్నది తప్పు. అది నేను చెయ్యలేదు" అంది గంగాదేవి. "ఆ తప్పు ఒప్పుకునేవాళ్లు ఎవరైనా ఉంటే నేను కూడా ఈడ నిలబడి వింటా."

ఉద్యోగం పోయింది. ఆ రోజే మొదటిసారి జ్ఞానసుందరమ్మ నోరు విప్పింది. "చలిలో నిలబెట్టింది నేను. తప్పు నాది" అంది, కుర్చీలోంచి లేచి. కమిటీవాళ్లు ఆమె వైపు చూడలేక బల్లవైపు చూశారు. ఆ మాట వల్ల గంగాదేవి ఉద్యోగం తిరిగి రాలేదు. తాళం వేసిన గదిలోంచి పాత నెట్టు మాత్రం నెల తిరక్కుండా మైదానంలోకి వచ్చింది. పిల్లలు ఆడటానికి ముందు పరుగెత్తుతుంటే హెడ్‌మిస్ట్రెస్ గొడుగు పట్టుకొని గోడ పక్కన నిలబడేది.

గంగాదేవికి కమలాపురంలో పని దొరికింది. సుబ్బరత్నమ్మ వాళ్ల బడిలో డ్రిల్లు టీచరు లేదు. ఆ పిల్లలే పోయి తమ పెద్దల్ని అడిగారు. ఉరుకుందమ్మ కర్నూల్లోనే ఉండి చదువు పూర్తి చేసింది. ఆదివారాలు ఏట్లో చిన్నపిల్లలకు పరుగు నేర్పించింది. పెళ్లయి ఆదోని పోయాక కూడా ఆట మానలేదని, ఎగిరేముందు మడమలెత్తి చూసుకునే అలవాటు పోలేదని చెప్పుకునేవారు.

కమలాపురంలో మొదటి రోజు బడి ప్రెసిడెంటు ఆమెను మైదానం దాకా సాగనంపాడు. నెమ్మదిగా గొంతు సవరించుకొని, "టీచరమ్మా, కర్నూలు సంగతులు విన్నాం. ఈడ అమ్మా నాయన్లు ఒప్పుకోరు. పిల్లలు ఊరికే ఆడుకుంటే చాలు" అన్నాడు.

"ఒప్పుకోని వాళ్లను నా దగ్గరికి పంపీండి, మాట్లాడ్తా" అంది గంగాదేవి. అతను ఇంకేదో చెప్పబోయేలోగా చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకొని, నోట్లో ఈల పెట్టుకుంది. బంతి కోసం చేతులు చాపి నిలబడ్డ పిల్లలకు మైదానం చివరి గుంజ చూపించింది.